రిజిస్టరు వేరు, ఈసీ వేరు

పొలం కొనేముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకుంటాం. ఆ భూమిని ఎవరు ఎవరికి ఎప్పుడు రాసిచ్చారో, తాకట్టు ఏమైనా ఉందో అందులో తెలుస్తుంది. లోపలి పుస్తకాలను మాత్రం మనం తిరగేయాల్సిన పని ఉండదు. అవి ఆఫీసు తన పని కోసం రాసుకున్నవి. ఈసీ అడిగినవాళ్ల కోసం తయారుచేసింది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ ప్రాజెక్టు మొదలై రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. లోపల రికార్డు దాచే తీరు మారింది. బయట రైతు అడిగేది మాత్రం అదే ఈసీ.

సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడాను తరచూ మరిచిపోతున్నాం. ఫోన్‌లోని యాప్‌కు ఏదైనా సమాచారం కావాలంటే ఏపీఐ ద్వారా సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ డేటాబేస్‌లో వెతికి, సాధారణంగా జేసన్ అనే టెక్స్ట్ రూపంలో జవాబు పంపుతుంది. టేబుల్‌లో దొరికిన వరుసను ఉన్నదున్నట్టు జేసన్ చేసి పంపేయడం ఇవాళ్టి ఫ్రేమ్‌వర్కుల్లో ఒక్క లైను పని. మొదట్లో బాగానే నడుస్తుంది.

యూజర్ల టేబుల్‌నే తీసుకోండి. పేరు, ఊరు పక్కనే ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ హ్యాష్ ఉంటాయి. స్క్రీన్ మీద పేరొక్కటే కనిపిస్తుంది కాబట్టి మిగతావి బయటికి పోతున్నాయని ఎవరికీ తట్టదు. కానీ జవాబు మొత్తం ఫోన్ దాకా వచ్చేసింది. చూడాలనుకున్నవాడు చూస్తాడు. ఆర్నెల్ల తర్వాత ఆ టేబుల్‌లో 'మోసం అనుమానం' అని ఒక కాలమ్ చేర్చారనుకుందాం. ఏపీఐ కోడ్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా ఆ రోజు నుంచే అదీ బయటికి వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2019లో ప్రకటించిన పది ఏపీఐ ముప్పుల జాబితాలో, అవసరానికి మించి డేటా బయటపెట్టడం మూడోది.

లోపలికి వచ్చే దారిలోనూ ఇదే ప్రమాదం. 2012 మార్చిలో ఈగోర్ హొమాకొవ్ అనే ప్రోగ్రామర్, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులోని ఒక ఫారంలో తనది కాని యూజర్ నంబరు చేర్చి పంపితే, సర్వర్ దాన్ని నేరుగా టేబుల్‌లో రాసేసుకుంది. దాంతో రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ కోడ్‌లో రాయగల అధికారం ఆయన చేతికొచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన రైల్స్ 4లో, ఏ ఫీల్డులను అనుమతిస్తామో ప్రోగ్రామరే పేరుపేరునా చెప్పే పద్ధతి పెట్టారు.

రహస్యాలేమీ లేని చోట కూడా దాచే రూపం, పంపే రూపం ఒకటి కావని ట్విట్టర్ అనుభవం చెబుతుంది. 2010లో అది స్నోఫ్లేక్ అనే పద్ధతిలో ట్వీట్లకు 64 బిట్ల పెద్ద నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. డేటాబేస్‌కు దాంతో ఇబ్బంది లేదు. బ్రౌజర్లలోని జావాస్క్రిప్ట్ మాత్రం 9007199254740992 దాటిన సంఖ్యలన్నిటినీ కచ్చితంగా నిలుపుకోలేదు, చివరి అంకెలు మారిపోతాయి. నంబరు మారితే అడిగిన ట్వీట్ దొరకదు. అందుకని అదే నంబరును స్ట్రింగ్‌గా ఇచ్చే మరో ఫీల్డును ట్విట్టర్ జవాబులో చేర్చింది. దాచుకోవడానికి సంఖ్యే మేలు, పంపడానికి స్ట్రింగే క్షేమం.

మన దేశంలో నాకు నచ్చిన ఉదాహరణ ఆధార్ ధ్రువీకరణ. నంబరు, వేలిముద్ర పంపితే సరిపోలిందా లేదా అన్న ప్రశ్నకు అవును లేదా కాదు అనే వస్తుంది. వేలిముద్రల రికార్డు బయటికి రాదు.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. జవాబుకు వేరే నమూనా రాసుకుని, టేబుల్‌లోంచి కావలసినవి ఒక్కొక్కటే అందులోకి తీసుకోవాలి. ఏవి దాచాలో రాసుకోవడం కన్నా ఏవి ఇవ్వాలో రాసుకోవడం నయం. మొదటి జాబితాలో మరిచిపోయినది బయటపడుతుంది, రెండో దాంట్లో మరిచిపోయినది లోపలే ఉంటుంది. స్టేటస్ 3 అని టేబుల్‌లో ఉంటే జవాబులో 'రద్దయింది' అని పంపండి. టేబుల్ నమూనా, జవాబు నమూనా రెండూ ఒకేలా ఉన్నాయి, ఒకే పని రెండుసార్లు ఎందుకని కొత్తవాళ్లు అడుగుతారు. మొదటి రోజు అవి ఒకేలా ఉంటాయి, నిజమే. కానీ టేబుల్‌లో కాలమ్ పేరు మార్చాల్సిన రోజు వస్తుంది. ఏళ్లుగా అప్‌డేట్ చేయని పాత యాప్ ఎవరి ఫోన్లోనో ఇంకా పాత పేరే వెతుకుతుంటుంది. ఆ యాప్ ఆగిపోకుండా కాపాడేది ఈ రెండో నమూనాయే.

ఏపీఐలు రాసేవాళ్లకు ఒక మనవి. ఇవాళ బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, మీ సర్వర్ పంపుతున్న ఒక్క జవాబును పూర్తిగా చదవండి. ఏ స్క్రీనూ వాడని ఫీల్డు కనిపిస్తే ముందు దాన్ని తీసేయండి.