బల్లమీది రణరంగం: ఏ యుద్ధాన్ని ఎన్నుకోవాలి?

మానవజాతి యుద్ధాన్ని ఎంతగా ద్వేషించిందో, యుద్ధక్రీడను అంతగా ప్రేమించింది. ఇందుకు మన చదరంగమే తార్కాణం. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాల సేనను అరవైనాలుగు గళ్ళలో నిలిపిన ఈ ఆట, మన దేశంలో చతురంగమై పుట్టి, పారశీక దేశంలో శత్రంజ్‌గా మారి, ప్రపంచమంతటా వ్యాపించింది. పల్లెటూళ్ళలో అరుగుబండల మీద గీతలు గీచి ఆడే పులిజూదం కూడ ఒక యుద్ధమే. కాని ఈ ఆటలలోని యుద్ధం ఏ ఊరిలోనూ, ఏ సంవత్సరంలోనూ జరిగినది కాదు. నిజంగా జరిగిన ఒక పోరాటాన్ని దాని నేలతో, ఆయుధాలతో, సేనలతో సహా బల్లమీదికి తెచ్చి, చిన్న బొమ్మలతో, పాచికలతో, కొలబద్దతో ఆడే మరొక క్రీడ కలదు. చరిత్ర విద్యార్థులకు ఇది వినోదమే కాక విజ్ఞానదాయకం కూడ. అయితే ఈ క్రీడకు ఉపక్రమించేవారు నియమాల కన్న ముందుగా ఒక ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి. ఏ యుద్ధాన్ని ఎన్నుకోవాలి? ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను విచారించదలచాము.

క్రీడ పుట్టుక, స్వరూపం

ఈ క్రీడకు ఆధునిక రూపం ప్రష్యా దేశంలో ఏర్పడింది. 1812లో రైస్‌విట్జ్ అనే ఆయన తాను కల్పించిన యుద్ధక్రీడను ఆ దేశపు రాజుకు సమర్పించాడు. సైన్యాధికారియైన ఆయన కుమారుడు దానిని సంస్కరించి 1824లో నియమావళిని ప్రకటించాడు. పటం మీద దళాలను సూచించే చెక్కముక్కలను కదపడం, కాల్పుల ఫలితాన్ని పాచికలతో తేల్చడం, ఇరుపక్షాల ఆజ్ఞలను రహస్యంగా తీసుకొని తీర్పు చెప్పే మధ్యవర్తిని నియమించడం అందలి ముఖ్యాంశాలు. ప్రష్యా సైన్యం దానిని అధికారుల శిక్షణకు స్వీకరించింది. సామాన్యుల ఇళ్ళకు ఈ ఆటను చేర్చిన ఘనులలో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ముఖ్యుడు. ఆయన 1913లో తగరపు సైనికులతో ఆడే యుద్ధాలకు నియమాలు రాసి ప్రచురించాడు. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధం రావడం విధివిలాసం.

ఈనాటి నియమావళులు అనేకం ఉన్నా వాటి సారం ఒక్కటే. ఆటగాళ్ళు వంతులవారీగా తమ దళాలను కదుపుతారు. ఎంత దూరం కదలవచ్చునో కొలబద్దతో కొలుస్తారు. శత్రువు కనబడితే కాల్పులు జరిపి, ఫలితానికి పాచికలు వేస్తారు. ఉదాహరణకు రెండు పాచికల మొత్తం 9గాని అంతకు మించిగాని వస్తే గురి తగిలినట్లని నియమం అనుకుందాం. ముప్పదియారింట సగటున పది పర్యాయాలు మాత్రమే గురి తగులుతుంది. శత్రువు దగ్గరైతే 7 చాలుననవచ్చు. అప్పుడు అది ఇరవైయొకటి అవుతుంది. దెబ్బతిన్న దళం నిలుస్తుందో, వెన్నిస్తుందో తేల్చడానికి ధైర్యపరీక్ష మరొకటి ఉంటుంది.

నేల, దూరం

ఆధునిక యుద్ధాన్ని ఎన్నుకొనేవారికి మొదటి చిక్కు దూరంతో వస్తుంది. కత్తులతో, బల్లెములతో జరిగిన సమరాన్ని చిన్న బల్లమీద అమర్చడం సులభం. ఫిరంగుల కాలం అలాంటిది కాదు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్లమీద ఒక కిలోమీటరును ఒక మీటరుగా చూపిస్తే, మనకు దొరికే నేల రెండు కిలోమీటర్ల పొడవైనా ఉండదు. రెండవ ప్రపంచయుద్ధంలో ప్రసిద్ధిచెందిన 25 పౌండ్ల ఫిరంగి గుండు సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరం పోతుంది. అనగా ఆ ఫిరంగిని బల్లకు పన్నెండు మీటర్ల దూరాన, గది దాటి వరండాలో పెట్టవలసి ఉంటుంది! అందువల్ల దూరపు ఫిరంగులను బల్లమీద పెట్టక, వాటి కాల్పులను మాత్రం కాగితం మీద లెక్కించడం ఆచారం.

బొమ్మల పరిమాణం కూడ ఆలోచించదగినదే. 7.6 మీటర్ల పొడవు గల సెంచూరియన్ ట్యాంకు, డెబ్బదిరెండవ వంతు పరిమాణంలో పదిన్నర సెంటీమీటర్లు, మూడువందల వంతు పరిమాణంలో రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ట్యాంకుల పోరాటానికి రెండవదే అనుకూలం. విదేశీ బొమ్మలు కొనే స్తోమత లేదని విద్యార్థులు నిరాశ చెందనక్కరలేదు. దళసరి అట్టముక్క మీద ట్యాంకు పేరు రాసుకున్నా ఆటకు లోటు రాదు.

కనుక ఎన్నికలో మొదటి సూత్రం ఇది: మొత్తం యుద్ధాన్ని కాక, అందులో ఒక్క పూటలో, ఒక్క ఊరి పొలిమేరలో జరిగిన ఘట్టాన్ని ఎన్నుకోవాలి.

ఇరుపక్షాలకు ఆలోచించే అవకాశం

రెండవ సూత్రానికి పులిజూదమే గురువు. పెక్కు చోట్ల ఆ ఆటలో మూడు పులులకు పదిహేను మేకలు ఉంటాయి. బలాలు సమానం కావు, నడకలు ఒకటి కావు, లక్ష్యాలు వేరు. పులి మేకలను చంపాలి. మేకలు పులిని కదలనీయకుండా కట్టివేయాలి. అయినా ఆట రసవత్తరంగా సాగుతుంది. కారణం, ప్రతి ఎత్తులోనూ ఇద్దరికీ ఆలోచించవలసినది ఉండటమే. యుద్ధఘట్టాన్ని ఎన్నుకొనేటప్పుడు కూడ బలాలు సమానమా అని కాక, ఓడిన పక్షానికి ఆనాడు వేరొక మార్గం ఉండెనా అని అడగాలి. అది లేని చోట ఆట ఉండదు, ఉత్త ఊరేగింపు ఉంటుంది.

సాక్ష్యాధారాలు

మూడవ సూత్రం ఆధారాలకు సంబంధించినది. మన తెలుగు తీరంలోనే ఒక ఉదాహరణ కలదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమిరాత్రి విశాఖపట్టణం సమీపంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. విమానవాహక నౌక విక్రాంత్ కోసం అది వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవుల వైపు తరలింపబడి ఉన్నది. రాజ్‌పుత్ నౌక జారవిడిచిన పేలుడు గుండ్ల వల్ల ఘాజీ మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. ప్రమాదవశాత్తు జరిగిన పేలుడు వల్లనని పాకిస్తాన్ చెబుతుంది. ముగింపు ఎట్లు సంభవించిందో నిశ్చయంగా తెలియని ఘట్టానికి, పాచికలతో కచ్చితమైన నియమం కల్పించడం చరిత్ర పేరిట కట్టుకథ చెప్పడమే అవుతుంది. విక్రాంత్ ఎక్కడున్నదో తెలియక వెదకడమనే భాగాన్ని మాత్రం మధ్యవర్తి సహాయంతో చక్కగా ఆడవచ్చు.

ఆధారాల విషయంలో స్వస్థలాభిమానం కూడ మనలను తప్పుదారి పట్టించగలదు. మొదటి ప్రపంచయుద్ధంలో జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాదు సంస్థానాల అశ్విక దళాలు ఒకే బ్రిగేడుగా పాలస్తీనాలో ఉండినవి. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీద జరిగిన ప్రసిద్ధమైన అశ్వికదాడి జోధ్‌పూర్, మైసూరు దళాలది. హైదరాబాదు లాన్సర్లు ఆ దాడిలో లేరు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలో మూడవ మూర్తి మనదే కదా అని వారిని బల్లమీది హైఫాకు చేర్చడం న్యాయం కాదు.

మన గడపలోని యుద్ధం

ఇక అత్యంత ముఖ్యమైన ప్రశ్నకు వద్దాము. మాణికేశ్వర్ నగర్, తార్నాక పరిసరాలలో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు నీడలో చదువుకొనే విద్యార్థికి అన్నిటికన్న సమీపమైన ఆధునిక సంఘర్షణ 1948 నాటి పోలీసు చర్య. పటాలు దొరుకుతాయి, రోడ్లు తెలిసినవే, పేర్లు పరిచితమే. దానినే ఎందుకు ఆడరాదని అడగడం సహజం.

పై సూత్రాలతోనే పరీక్షిద్దాం. సెప్టెంబరు 13న భారత సేనలు బయలుదేరినవి. షోలాపూరు వైపు నుంచి వచ్చిన ప్రధాన దళానికి నల్దుర్గ్ తొలినాడే వశమైంది. బెజవాడ వైపు నుంచి మరొక దళం సూర్యాపేట మార్గాన వచ్చింది. 17న నిజాం ప్రభువు లొంగుబాటును ప్రకటించగా, 18న సేనాధిపతి ఎల్ ఎద్రూస్, జనరల్ చౌధురి ఎదుట లొంగిపోయాడు. ట్యాంకులు, విమానాలు గల సేనకు ఎదురుగా నిలిచిన పక్షానికి యుద్ధరంగంలో ఫలితాన్ని మార్చగల మార్గం ఏదీ లేకుండెను. రెండవ సూత్రం ఇక్కడనే వీగిపోతుంది.

అంతకన్న బలమైన కారణం మరొకటి కలదు. ఆ సంవత్సరపు దుఃఖం సైనికుల లెక్కలో ఇమిడేది కాదు. పోలీసు చర్యకు ముందు, ఆగస్టులో, బైరాన్‌పల్లి గ్రామస్థులు రజాకార్ల చేతిలో హతులైనారు. భారతదేశంలో విలీనం కావాలని ఉర్దూలో రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఆ నెలలోనే హత్యకు గురియైనాడు. లొంగుబాటు తరువాత జిల్లాలలో ముస్లిముల మీద జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ సంఘం, మృతుల సంఖ్యను కనీసం 27 వేల నుంచి 40 వేల వరకు అంచనా వేసింది. ఆ నివేదిక 2013లోగాని అందరికీ అందుబాటులోకి రాలేదు. ఐదు రోజుల పోరాటాన్ని బల్లమీద పరచి, సెప్టెంబరు 17 సాయంకాలం ‘ఆట ముగిసింది’ అని ప్రకటించే నియమావళి వీరిలో ఎవరినీ లెక్కించదు. ఆట తాను చూపిన దానితోనే కాక, చూపకుండా విడిచిన దానితో కూడ బోధిస్తుంది. 1948 విషయంలో అది బోధించేది అసత్యం.

ఉర్దూ, తెలుగు పక్కపక్కన కూర్చొనే మన తరగతిగదిలో, ఒకరి తాత రజాకార్లకు వెరచి ఊరు విడిచి ఉండవచ్చు. మరొకరి నానమ్మ సెప్టెంబరు తరువాత ఆప్తులను పోగొట్టుకొని ఉండవచ్చు. వారి నడుమ పాచిక వేయడం తగదు. అయితే మౌనం వహించాలని మా భావం కాదు. పెద్దలను అడిగి తెలుసుకోవాలి, రెండు భాషలలోని రచనలను చదవాలి, చర్చించాలి. 1948ని చదువుదాం, ఆడవద్దు. ఇది మేము ప్రతిపాదించే నాలుగవ సూత్రం: సైనికులు సైనికులతో పోరాడిన ఘట్టాన్నే బల్లమీదికి తేవాలి.

ఒక యోగ్యమైన ఉదాహరణ

ఈ నాలుగు సూత్రాలకు నిలిచే ఘట్టం 1965 నాటి అసల్ ఉత్తర్ పోరాటం. సెప్టెంబరు 8న పంజాబులోని ఖేమ్‌కరణ్ పట్టణాన్ని పట్టుకొన్న పాకిస్తాన్ ఒకటవ కవచ డివిజను, ప్యాటన్ ట్యాంకులతో ముందుకు సాగజూచింది. భారత నాలుగవ పర్వత డివిజను వెనుకకు తగ్గి, అసల్ ఉత్తర్ గ్రామం చుట్టూ గుర్రపు లాడం ఆకారంలో వ్యూహం పన్నింది. చెరకు తోటలు ట్యాంకులను దాచినవి. నీరు వదలిన పొలాలలో ప్యాటన్లు దిగబడినవి. 10వ తేదీకి దాడి విఫలమైంది. పాకిస్తాన్ 97 ట్యాంకులను కోల్పోయిందని భారత పక్షపు లెక్క. ఆ పోరాటంలో షెర్మన్ ట్యాంకులతో నిలిచిన డెక్కన్ హార్స్ దళం, 1790లో నిజాం కొలువులో పుట్టిన అశ్వికసేన వారసత్వం కలది. జీపు మీది 106 మిల్లీమీటర్ల తుపాకితో ట్యాంకులను ధ్వంసం చేస్తూ 10వ తేదీన నేలకొరిగిన గ్రెనేడియర్ దళ హవల్దారు అబ్దుల్ హమీద్‌కు మరణానంతరం పరమవీరచక్ర లభించింది.

దీనిని ఎట్లు ఆడాలి? ఒక ప్యాటన్ దళం, ఎదుట ఒక పదాతి కంపెనీ, దానికి రెండు జీపు తుపాకులు చాలును. చెరకులో దాగినవారు ఆరంగుళాల దూరంలోకి వస్తేగాని కనబడరాదు. రోడ్డు దిగి తడి పొలంలో ప్రవేశించే ప్రతి ట్యాంకుకు ఒక పాచిక వేయాలి. 1గాని 2గాని పడితే దిగబడినట్లు. పాకిస్తాన్ పక్షపు ఆటగానికి ఆనాటి సమస్యే ఎదురవుతుంది: కాల్పులకు గురియై రోడ్డున పోవడమా, మూడింట ఒక వంతు అపాయానికి సిద్ధపడి పొలాల మీదుగా చుట్టివెళ్ళడమా? ముందుగా ఒక ట్యాంకును వేగు చూడటానికి పంపితే కాలం వృథా, పంపకపోతే ట్యాంకులు వృథా. ఈ సందిగ్ధాన్ని అరగంట అనుభవించిన విద్యార్థికి నేల, నీరు, సమాచారం అనేవి యుద్ధాన్ని ఎట్లు శాసిస్తాయో బోధపడుతుంది.

ఒక్క నియమాన్ని మాత్రం తప్పక పాటించాలి. ఎవరు ఏ పక్షమో చీటీలు వేసి నిర్ణయించి, ఆట ముగిసిన తరువాత పక్షాలు మార్చుకొని మరల ఆడాలి. పేరును చూచి ఒక విద్యార్థిని పాకిస్తాన్ పక్షాన కూర్చోబెట్టడం, ఆ పక్షాన నేర్పుగా ఆడి గెలిచినవానిని అనుమానంగా చూడటం క్రీడాధర్మానికే కాక, అబ్దుల్ హమీద్ స్మృతికి కూడ అపచారం.

ముగింపు

ప్రేమ్‌చంద్ తన ప్రసిద్ధ కథలో, అవధ్ రాజ్యం చేజారిపోతుండగా శత్రంజ్‌లో మునిగిన ఇద్దరు లక్నో ప్రభువులను చిత్రించాడు. ఆట లోకాన్ని మరపించగలదన్న ఆ హెచ్చరిక మనకు శిరోధార్యం. లోకాన్ని తెలిపే విధంగా ఆడటం కూడ మన చేతిలోనే ఉన్నది. అది మనం ఎన్నుకొనే యుద్ధం మీద, వదలివేసే యుద్ధం మీద ఆధారపడుతుంది. కళాశాల సంఘంవారు చరిత్ర విద్యార్థులకు వారానికొక సాయంకాలం ఒక గదిని, ఒక పెద్ద బల్లను, గ్రంథాలయానికి కొన్ని మంచి పటాలను సమకూర్చవలసిందిగా కోరుతున్నాము. ప్రతి ఆటకు ముందు ఆ ఘట్టాన్ని గురించి ఉర్దూలో ఒకరు, తెలుగులో ఒకరు ఐదేసి నిమిషాలు ప్రసంగించే సంప్రదాయాన్ని విద్యార్థి మిత్రులు నెలకొల్పుదురుగాక.