గడ్డి ట్రాలీ కొంటున్నారా? ముందు వరసలు లెక్కపెట్టండి

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివేవారికి పంట వ్యర్థాల దహనం తెలిసిన అంశమే. పర్యావరణం నోట్స్‌లో రాసుకునే ఉంటారు. అశోక్‌నగర్‌లో కోచింగ్, నారాయణగూడలో హాస్టల్ అంటూ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే మీలో చాలామందికి ఆ గడ్డి సొంతూరి పొలంలోనే కనిపిస్తుంది. హార్వెస్టర్ వదిలేసిన వరిగడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించి పాడి రైతుల దగ్గరికి చేర్చే పని వానాకాలం, యాసంగి కోతల తర్వాత ఉంటుంది. బేలర్‌కు పెద్ద పెట్టుబడి కావాలి. ఇంట్లో ట్రాక్టర్ ఉంటే రవాణాతో మొదలుపెట్టొచ్చు. కానీ ట్రాలీ ఎంపికలో తప్పు చేస్తే కిరాయి డబ్బులన్నీ డీజిల్‌కే పోతాయి.

చోటే ముఖ్యం

ట్రాలీ ఎన్ని టన్నులు మోస్తుందని అడగడం అలవాటు. ఇసుకకు, ధాన్యానికి ఆ ప్రశ్న సరిపోతుంది. గడ్డి తేలిక, చోటు మాత్రం ఎక్కువ తింటుంది. చిన్న బేలర్ చుట్టే గుండ్రటి కట్ట దాదాపు 60 సెం.మీ. మందం, 95 సెం.మీ. పొడవు ఉందనుకుందాం. బరువు 20 కిలోలు.

3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పున్న ట్రాలీలో ఒక వరసకు 9 కట్టలు పడతాయి. నాలుగు వరసలకు 36. అదే 4.2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పుంటే వరసకు 14, నాలుగు వరసలకు 56. ఇంతా చేస్తే బరువు 1,120 కిలోలే! అయిదు టన్నుల ట్రాలీ అని ఎక్కువ డబ్బు పెట్టినా గడ్డికి ఆ బలం అక్కరకు రాదు. వెయ్యి కట్టలు చేరవేయడానికి మొదటిదానికి 28 ట్రిప్పులు, రెండోదానికి 18. మిగిలిన పది ట్రిప్పుల డీజిల్, డ్రైవర్ కూలీయే మీ లాభం. మీ ఊరి బేలర్ కట్టను టేపుతో కొలిచి ఇదే లెక్క వేసుకోండి.

రెండు చక్రాలా, నాలుగా?

రెండు చక్రాల ట్రాలీ బరువులో కొంత ట్రాక్టర్ వెనక చక్రాల మీద పడుతుంది. తడి పొలంలో పట్టు దొరుకుతుంది, రివర్స్ కూడా తేలిక. నాలుగు చక్రాలది పొడవైన లోడుకు నిలకడగా ఉంటుంది కానీ, ఇరుకు సందుల్లో వెనక్కి తీయాలంటే చేయి తిరిగిన డ్రైవర్ కావాలి. కట్టలను చేత్తోనే దించుతారు కాబట్టి గడ్డికి హైడ్రాలిక్ లిఫ్ట్ తప్పనిసరి కాదు. మిగతా నెలల్లో ఎరువు, మట్టి తోలాలనుకుంటేనే ఆ ఖర్చు పెట్టండి. పక్క డోర్లు ఊడదీసుకునేలా ఉంటే రెండు పనులకూ పనికొస్తుంది.

కట్టడంలోనే భద్రత

ముందూ వెనకా గట్టి ఫ్రేములు పెట్టించండి. రెండు చక్రాల ట్రాలీలో బరువు ఇరుసుకు కాస్త ముందుకు ఉండాలి. వెనక్కి ఎక్కువైతే ట్రాక్టర్ వెనక భాగం తేలిపోయి చక్రాలకు పట్టు తగ్గుతుంది. పై వరసను కొంచెం లోపలికి జరిపి, తాళ్లు అడ్డంగానూ నిలువుగానూ బిగించాలి. కొంత దూరం వెళ్లాక కట్టలు సర్దుకుని తాళ్లు వదులవుతాయి. ఆగి మళ్లీ బిగించండి. పిన్నుకు లాక్, అదనపు గొలుసు, వెనక లైట్లు, రిఫ్లెక్టర్లు లేకుండా రోడ్డెక్కొద్దు.

అసలు ప్రమాదం పైన ఉంటుంది. వేలాడే కరెంటు తీగ తగిలితే లోడంతా అంటుకుంటుంది. ఖాళీ ట్రాలీతో వెళ్లేటప్పుడే దారిలోని తీగలను చూసి పెట్టుకోండి. లోడు మీద మనిషిని ఎక్కించొద్దు. తడి గడ్డిని ఎక్కించినా నష్టమే. బరువు పెరుగుతుంది, నిల్వలో వేడెక్కి బూజు పడుతుంది. కొన్న రైతు మళ్లీ పిలవడు.

కాగితాలు

ట్రాక్టర్‌తో పాటు ట్రాలీకీ రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. సొంత వ్యవసాయానికని పాలసీ తీసుకుని కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం దగ్గర పేచీ వస్తుంది. ఆ భారం మీ కుటుంబం మీద పడుతుంది. కిరాయి సంగతి ఆర్టీవో కార్యాలయంలో, బీమా ఏజెంటు దగ్గర ముందే చెప్పి తగిన కాగితాలు చేయించుకోండి. ఎక్కువ కట్టలు పడతాయని పక్కలకు కర్రలు కట్టి లోడు పెంచడం నేరం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం లోడు పక్కలకు, ముందుకు, వెనక్కి పొడుచుకొచ్చినా, అనుమతించిన ఎత్తు దాటినా రూ.20 వేల జరిమానా ఉంది. దించే ఖర్చు అదనం.

అప్పు చేసే ముందు

ఒక సీజన్ అద్దె ట్రాలీతో తిప్పి చూడండి. కట్టకు వచ్చే కిరాయిని ట్రిప్పుకు పట్టే కట్టలతో గుణించి డీజిల్, హమాలీ, డ్రైవర్ ఖర్చు తీసేయండి. రోజుకు ఎన్ని ట్రిప్పులు, సీజన్‌లో ఎన్ని రోజులు పని దొరికిందో పుస్తకంలో రాసుకోండి. ఆ మిగులుతో ఏడాది కిస్తీలు తీరతాయనిపిస్తేనే బ్యాంకుకు వెళ్లండి. యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రం పెట్టాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ పథకం గురించి మండల వ్యవసాయాధికారిని అడగండి. యంత్రాల మీద శిక్షణ కావాలంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది.

ఈ పని కోతల తర్వాత కొన్ని వారాలే. మీ పరీక్ష తేదీ అదే సమయంలో పడితే డ్రైవర్‌ను పెట్టుకోగలరో లేదో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.