కార్ఖానా వాట్సాప్ మెసేజులు చెరిపేయకండి, రేపు అవే సాక్ష్యం

సోలాపూర్ పూర్వభాగ్‌లో ఒకప్పుడు చాదర్, టవల్ ఆర్డర్లు చిట్టాపుస్తకంలో ఎక్కేవి. ఇప్పుడు ఎన్ని డజన్లు, ఏ రంగు, జాబ్‌వర్క్ రేటెంత, అడ్వాన్సు ఎంత ముట్టింది అన్నీ వాట్సాప్‌లోనే తేలిపోతున్నాయి. బాకీ దగ్గర పేచీ వస్తే సాంచా నడిపే కార్మికుడికైనా, కార్ఖానాదారుకైనా ఆ మెసేజులే ఆధారం.

కోర్టు వాటిని ఒప్పుకుంటుందా? పద్ధతిగా పెడితే ఒప్పుకుంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, మెసేజుల ప్రింటుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం దాఖలు చేసేవారు, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం మార్చినా అది మారిపోతుంది.

జాల్నా ఎన్నిక వివాదంలో వీడియో రికార్డింగుల మీద ఇదే ప్రశ్న వచ్చింది. అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో 2020 జులై 14న సుప్రీంకోర్టు, అప్పటి చట్టం కింద, నకలు పెడితే సర్టిఫికెట్ తప్పనిసరి అంది. యజమాని స్వయంగా సాక్ష్యమిచ్చి అసలు పరికరాన్నే చూపితే అక్కర్లేదని చెప్పింది. అసలు ఫోన్ విలువ అక్కడుంది.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి:

- 24 గంటలు, 7 రోజులు, 90 రోజులకు మెసేజులు మాయమయ్యే సెట్టింగు లెక్కల చాట్‌లో ఆపేయండి.
- ఒక్క స్క్రీన్‌షాట్‌కు ముందూ వెనకా తెలియదు. ఫొటోలతో సహా మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫైలును ఎవరైనా దిద్దగలరు గనుక ఫోన్ కూడా ఉంచుకోండి.
- కార్ఖానా లెక్కలు మునీమ్ సొంత ఫోన్‌లో ఉంటే, ఆయన పని మానేసే లోపే నకలు తీసుకోండి.
- చేసిన పనికి రావాల్సిన డబ్బు కోసం దావాకు సాధారణంగా 3 ఏళ్ల గడువు. అంతవరకైనా చాట్ దాచండి. కేసు నడుస్తుంటే అది తేలేదాకా దాచండి.

మనకు ఇబ్బందిగా ఉన్న మెసేజు చెరిపినా లాభం లేదు. అవతలి ఫోన్‌లో అది ఉండొచ్చు. పైగా కోర్టుకు చూపాల్సిన రికార్డును కావాలని నాశనం చేయడం నేరం. పేచీ మొదలైతే చాట్‌ను సమాజం గ్రూపుల్లో తిప్పకుండా, ఫోన్ పట్టుకుని నేరుగా వకీలు దగ్గరకు వెళ్ళండి.