వాయుకొలిమిలో నిప్పు రాజుట, మంటను గుర్తించుట

బీదరు నగరము పేరు వినినంతనే బిదరీ పాత్రలు జ్ఞప్తికి వచ్చును. ఒక పాలు రాగికి సుమారు 16 పాళ్లు యశదము చేర్చి కరగించి, పోతపోసి, వెండి పొదిగి చేయు పాత్రలివి. యశదము 419 డిగ్రీల సెంటీగ్రేడున కరగి, 907 డిగ్రీలకే ఆవిరి యగును. కావున వేడిమి హద్దు మీఱకుండ కాచుకొనవలయును. అచ్చట నిప్పునకు కాపలా పనివాని కన్ను. మఱి ఇంటివారు నిద్రించు వేళ తనంతట తానే వెలుగు కొలిమికి కాపలా యెవరు? అమెరికా, కెనడాలలో స్థిరపడిన తెలుగువారి యిండ్లను శీతకాలమున వెచ్చపఱచు గ్యాసు కొలిమిని గూర్చి ఈ ప్రశ్న వేసికొనుట ఉచితము.

పూర్వపు కొలుములలో చిన్న దీపమొకటి నిరంతరము వెలుగుచుండెడిది. దాని వేడిమికి రెండు లోహముల కూడలిలో స్వల్ప విద్యుత్తు పుట్టి గ్యాసు కవాటమును తెఱచి నిలుపుచుండెను. దీపమాఱిన కవాటము మూతపడెడిది. ఈ పద్ధతి క్షేమకరమే గాని, పనిలేని వేళలను గూడ గ్యాసు వ్యయమగుచుండెను.

తరువాతి కొలుములలో ఆ దీపమునకు మాఱుగ ఇగ్నైటరు వచ్చినది. ఇది సిలికాన్ కార్బైడుతో గాని, అంతకంటె గట్టిదగు సిలికాన్ నైట్రైడుతో గాని చేసిన పలక. థర్మోస్టాటు వేడి కోరగనే ముందుగా చిన్న పంకా తిరిగి లోపల నిలిచిన వాయువులను వెడలగొట్టును. గాలి సరిగా సాగుచున్నదని ప్రెషరు స్విచ్చి రూఢి చేసిన పిమ్మట ఇగ్నైటరులో విద్యుత్తు ప్రవహించి, అది 1,000 డిగ్రీలకు మించి కాగి ఎఱ్ఱనై వెలుగును. అప్పుడు కవాటము తెఱచుకొనును. గ్యాసు ఆ పలకను సోకి అంటుకొనును.

అంటుకొననిచో? వెలువడిన గ్యాసు పోగుపడి, పిదప ఒక్కమాఱుగ ప్రేలవచ్చును. అందుచేత కొన్ని సెకనులలో మంట ఉన్నట్లు ఋజువు కావలయును. ఆ ఋజువు నిచ్చునది మంటలో నిలిపిన సన్నని లోహపు కడ్డీ. మంటలో విద్యుత్కణము లుండుటచే అది కొంత విద్యుద్వాహకము. కడ్డీకిని బర్నరునకును నడుమ ఏకాంతర విద్యుత్తును పెట్టినచో, కడ్డీ చిన్నది, బర్నరు పెద్దది యగుటవలన, ప్రవాహము ఒక దిక్కుననే అధికముగా సాగును. ఈ ఏకముఖ ప్రవాహము కొన్ని మైక్రో ఆంపియర్లు మాత్రమే. అయినను నియంత్రణ ఫలకము దానిని గుర్తింపగలదు. ఇందొక చమత్కార మున్నది: కడ్డీ పొరపాటున ఇనుమును తాకినచో ప్రవాహము రెండు దిక్కులను సమముగా సాగును గాని ఏకముఖము కాదు. కావున యంత్రము మోసపోదు. ఋజువు దొరకనిచో కవాటము మూసి, కొన్ని మాఱులు యత్నించి, తుదకు కొలిమి తనను తాను నిలుపుకొనును.

మంట రెండు మూడు సెకనులు వెలిగి ఆఱిపోవుచున్నచో తఱచుగా కారణము కడ్డీపై పేరుకొనిన సన్నని పొర. విద్యుత్తును, గ్యాసును నిలిపి, సన్నని ఉక్కు పీచుతో మెల్లగా రుద్దిన సరిపడవచ్చును. ఇగ్నైటరును మాత్రము వ్రేళ్లతో తాకరాదు. అది పెళుసు, చేతి జిడ్డు దానికి చేటు. కొలిమి మొండికేసినదని కడ్డీని తప్పించి నడుపుట ప్రాణాంతకము.

మఱియొక సంగతి. ఆ కడ్డీ మంట ఉన్నదని మాత్రమే చెప్పును. అది మంచి మంటయో, కార్బన్ మోనాక్సైడు పుట్టించు మంటయో చెప్పజాలదు. ఈ విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. అందుచే దానిని పసిగట్టు హెచ్చరిక యంత్రమును పడకగదుల చెంత వేఱుగ నమర్చుకొనుట ప్రతి గృహస్థునకు విధి.