మడమ లేచినప్పుడే కరెంటు

పక్షవాతం వచ్చి, మంచం దిగి, మళ్లీ నడక మొదలుపెట్టిన మనిషిని ఇంట్లో ఎక్కువగా భయపెట్టేది గడప. కాలు ముందుకు వస్తుంది కానీ పాదం పైకి లేవదు. వేళ్లు గడపకు తగులుతాయి. పడిపోతానన్న భయంతో ఆ మనిషి తుంటిని పైకెత్తి, కాలిని బయటివైపు అరచుట్టు తిప్పి అడుగు వేస్తాడు. ఈ వాలిపోయిన పాదాన్ని డాక్టర్లు ఫుట్ డ్రాప్ అంటారు.

ఆ పాదాన్ని సరిగ్గా అడుగు పడే వేళకు కరెంటుతో ఎత్తవచ్చని 1961లోనే చూపించారు. అమెరికాలో పనిచేసిన వైద్యుడు వ్లాదిమిర్ లిబర్సన్, ఆయన సహచరులు చేసిన పని అది. ఒంటికి తగిలించుకునే చిన్న పెట్టె, మోకాలి కింద చర్మం మీద ఎలక్ట్రోడ్, బూటులో మడమ కింద ఒక స్విచ్. మడమ నేల విడవగానే కరెంటు మొదలవుతుంది, పాదం లేస్తుంది. మడమ నేల తాకగానే కరెంటు ఆగిపోతుంది. అక్కడ పనిచేసింది కరెంటు ఒక్కటే కాదు, అది వచ్చే వేళ కూడా.

మోకాలి కింద బయటివైపు చేత్తో తడిమి చూడండి, చిన్న ఎముక గుబ్బ తగులుతుంది. దాని కిందుగా, చర్మానికి బాగా దగ్గరగా పెరోనియల్ నరం చుట్టి వెళ్తుంది. అందుకే పైనుంచి ఇచ్చే కొద్దిపాటి కరెంటు దానికి అందుతుంది. మొదట చీమలు పాకినట్టు ఉంటుంది. కాస్త పెంచితే పాదం తనంతట తానే పైకి లేస్తుంది. నెలల తరబడి కదలని తన పాదం అలా లేవడం చూసుకున్న మనిషి ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకోండి.

పడిపోయిన కాలు కరెంటుకు ఎలా పలికిందని అడగవచ్చు. పక్షవాతంలో దెబ్బ తగిలింది మెదడుకు. వెన్నుపాము నుంచి కండరం దాకా వెళ్లే నరం మామూలుగానే ఉంటుంది. తూము మూసుకుపోయింది, కాలువ చెడలేదు. కరెంటు ఆ కాలువలో మధ్య నుంచి నీళ్లు వదులుతుంది. ఆ నరమే తెగిపోయిన వారికి మాత్రం ఈ పద్ధతి పనిచేయదు.

కండరాల బిగుతు సంగతి వేరు. పక్షవాతం వచ్చిన కొత్తలో చెయ్యి వేలాడిపోతుంది. వారాలు గడిచేకొద్దీ చాలామందిలో అదే చెయ్యి ముడుచుకుంటుంది. గుప్పిట బిగుసుకుని గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటాయి, లోపల చెమటకు చర్మం మెత్తబడి పుండవుతుంది. అరచెయ్యి కడగాలంటే ఇంట్లోవాళ్లు ఒక్కొక్క వేలే విప్పాలి. గబుక్కున లాగితే ఇంకా బిగుస్తుంది, నెమ్మదిగా తీస్తే కొంత వదులుతుంది. స్పాస్టిసిటీ లక్షణమే అది. వెన్నుపాము చేసే ప్రతిచర్యలకు మెదడు వేసి ఉంచే కళ్లెం తెగడం వల్ల వచ్చిన తిప్పలివి.

ఇక్కడ కరెంటు పెట్టేది బిగిసిన కండరానికే అనుకుంటాం. చాలాసార్లు పెట్టేది దాని ఎదుటి కండరానికి. ఒక కండరం లాగుతుంటే ఎదురు కండరాన్ని వదులు చేయమని వెన్నుపామే సంకేతం ఇస్తుంది. దీన్ని వివరంగా పరిశోధించిన చార్లెస్ షెరింగ్టన్ నాడీకణాల మీద చేసిన కృషికి 1932లో నోబెల్ అందుకున్నారు. గుప్పిట వదలాలంటే ముంజేతి వెనకవైపు, వేళ్లను తెరిచే కండరాలకు కరెంటు ఇస్తారు. పాదం ఎత్తే కండరానికి ఇస్తే బిగిసిన పిక్క కూడా కొంత సడలుతుంది.

ఈ సూత్రంతోనే స్వీడన్‌లో 58 ఎలక్ట్రోడ్లు కుట్టిన దుస్తులు తయారయ్యాయి, పేరు మోలీ. కొందరికి బిగుతు తగ్గింది, కొందరికి పెద్ద తేడా రాలేదు. ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో చాలావరకు చిన్నవే. వేసుకుంటే నయమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పాదం ఎత్తే పరికరానికి ఉన్న ఆధారం గట్టిది. నడక మెరుగుపరచడానికి దాన్ని వాడవచ్చని బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ 2009లో చెప్పింది.

మన దగ్గర "కరెంటు పెట్టించుకున్నాం" అంటారు, పెట్టించుకుంటే పని అయిపోయినట్టు. పడుకుని పెట్టించుకోవడం కంటే, కరెంటు వచ్చిన క్షణంలోనే తానూ పాదం ఎత్తడానికి ప్రయత్నించడం మేలని నా గట్టి అభిప్రాయం. ఆ పరికరంతో సాధన చేసిన కొందరు, అది తీసేశాక కూడా కాసేపు సొంతంగా పాదం ఎత్తగలిగారని లిబర్సన్ అప్పుడే గమనించారు.

ఒక్క మాట. మనం పడిపోయిన కాలికి తైలం మర్దన చేస్తాం, మంచిదే. కానీ నూనె ఒంటి మీద ప్యాడ్ అంటుకోదు, కరెంటు సరిగా దిగదు. సబ్బుతో కడిగి తుడిచాకే పెట్టాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, మూర్ఛ ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా ఈ పరికరాలు ముట్టకూడదు.

మీ ఇంట్లో పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు ఉంటే, పడిపోయిన కాలి చెప్పు తిరగేసి చూడండి. వేళ్ల దగ్గర ఎక్కువగా అరిగి ఉంటే పాదం నేలకు రాసుకుంటోందని అర్థం. ఈసారి ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ చెప్పు కూడా తీసుకెళ్లి చూపించండి.