ఇజ్రాయెల్ – పాలస్తీనా: నాయకులు సరే, ప్రజలు ఏమంటున్నారు?

రీడింగ్ రూంలో పేపరు తిరగేస్తే ఇజ్రాయెల్, పాలస్తీనా పేర్లు కనబడని వారం ఉండదు. టీవీలో కూలిన ఇళ్ళు, ఏడుస్తున్న తల్లులు కనిపిస్తారు. నాయకుల ప్రకటనలు వినిపిస్తాయి. "ఇద్దరికీ చెరొక దేశం ఇచ్చేస్తే గొడవ తీరిపోతుంది కదా!" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఈ మాటనే అక్కడి మామూలు జనాన్ని అడిగితే ఏం చెబుతారు? ఆ సంగతి తెలుసుకోవడానికే ఈ చిన్న వ్యాసం.

రెండు దేశాల ఆలోచన ఎక్కడిది?

మధ్యధరా సముద్రానికి, జోర్డాన్ నదికి మధ్య ఉన్న చిన్న నేల ఇది. నేడు ఈ నేల మీద యూదులు, అరబ్బులు ఇంచుమించు సమానంగా, చెరి 70 లక్షల మందికి పైగా ఉన్నారు. 1947 నవంబర్ 29న ఐక్యరాజ్య సమితి ఈ నేలను యూదులకొక దేశంగా, అరబ్బులకొక దేశంగా విభజించాలని తీర్మానించింది. అనుకూలంగా 33, వ్యతిరేకంగా 13 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకించిన దేశాల్లో భారత్ ఒకటి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది, యుద్ధం వచ్చింది. సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్ళు వాకిళ్ళు విడిచి కాందిశీకులయ్యారు. 1967 యుద్ధంలో వెస్ట్ బ్యాంక్, గాజా, తూర్పు జెరూసలెం ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్ళాయి. ఈ మూడూ కలిపి పాలస్తీనా దేశం, పక్కనే ఇజ్రాయెల్ దేశం ఉండాలన్నదే 'రెండు దేశాల పరిష్కారం'.

1988లో పాలస్తీనా నాయకత్వం స్వతంత్ర దేశాన్ని ప్రకటించింది. ఆ ఏడాదే భారత్ దాన్ని గుర్తించింది. 1992లో ఇజ్రాయెల్‌తోనూ పూర్తి స్థాయి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. 1993లో ఓస్లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రాబిన్, అరాఫత్ చేతులు కలిపిన ఫొటోను ప్రపంచమంతా చూసింది. రెండేళ్ళకే, 1995 నవంబర్ 4న, రాబిన్‌ను ఒక యూదు తీవ్రవాది కాల్చి చంపాడు.

ప్రజల మనసు ఎలా తెలుస్తుంది?

పాలస్తీనా వైపు రమల్లా నగరంలో ఖలీల్ షికాకీ నడిపే సర్వే సంస్థ ఉంది. వీరి మనుషులు ఊరూరా, శిబిరాల్లో కూడా తిరిగి, ఇంచుమించు 1200 మందిని ముఖాముఖి అడుగుతారు. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం, ఇతర సంస్థలు హీబ్రూలోనూ అరబిక్‌లోనూ ప్రశ్నలు వేస్తాయి. కొన్నిసార్లు రెండు వైపుల పరిశోధకులు కలిసి, ఒకే ప్రశ్నను రెండు ప్రజలకూ వేస్తారు. ఇంత గొడవలో కూడా ఆ పని ఆగకపోవడం మెచ్చుకోదగ్గదే.

అయితే జవాబు ప్రశ్నను బట్టి ఉంటుంది. "మెస్సులో అన్నం బాగుందా?" అని వార్డెన్ అడిగితే ఒక జవాబు, ఫ్రెండు అడిగితే ఇంకో జవాబు చెప్పడం మనకు తెలియనిది కాదు. అక్కడా అంతే. "రెండు దేశాలకు ఒప్పుకుంటారా?" అంటే ఒప్పుకునేవారు, సరిహద్దు ఎక్కడ, జెరూసలెం ఎవరిది, కాందిశీకులు తిరిగి రావచ్చా, కొత్త దేశానికి సైన్యం ఉండాలా అని వివరాల్లోకి దిగేసరికి తగ్గిపోతారు.

అంకెలు చెప్పే కథ

గాలప్ సంస్థ 2012లో అడిగినప్పుడు రెండు వైపులా పదిమందిలో ఆరుగురు రెండు దేశాలకు సరేనన్నారు. రమల్లా, టెల్ అవీవ్ పరిశోధకుల ఉమ్మడి సర్వేలో 2020 నాటికి ఈ మద్దతు పాలస్తీనీయుల్లో 43, ఇజ్రాయెల్ యూదుల్లో 42 శాతం. 2022 చివరికి 33, 34 శాతానికి దిగింది. చూడండి, తగ్గినా ఇద్దరూ కలిసే తగ్గారు!

2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1200 మంది చనిపోయారు. 250 మంది దాకా బందీలయ్యారు. ఆ తర్వాతి యుద్ధంలో గాజాలో 60 వేలకు పైగా చనిపోయినట్లు అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. 2024 ఉమ్మడి సర్వేలో పాలస్తీనీయుల్లో మద్దతు 40 శాతానికి పెరిగింది, ఇజ్రాయెల్ యూదుల్లో 21 శాతానికి పడిపోయింది. అప్పటిదాకా పక్కపక్కనే నడిచిన అంకెలు విడిపోయాయి. అదే ఏడాది జూలైలో ఇజ్రాయెల్ పార్లమెంటు పాలస్తీనా దేశాన్ని వ్యతిరేకిస్తూ 68–9 ఓట్లతో తీర్మానం చేసింది. 2025లో ప్యూ సంస్థ అడిగితే, రెండు దేశాలు శాంతిగా పక్కపక్కన ఉండగలవని నమ్మిన ఇజ్రాయెలీలు 21 శాతమే. 2013లో సగం మంది నమ్మారు.

ఇజ్రాయెల్ జనాభాలో అయిదో వంతు అరబ్ పౌరులు. రెండు వైపులనూ దగ్గరగా ఎరిగిన వీరిలో మాత్రం మెజారిటీ నేటికీ రెండు దేశాలనే సమర్థిస్తున్నారు.

ఎందుకిలా?

మొదటి కారణం అపనమ్మకం. "అవతలివాళ్ళను నమ్మలేం" అనేవారు రెండు వైపులా నూటికి ఎనభై దాటారు. 2005లో ఇజ్రాయెల్ గాజా నుంచి వైదొలగింది, 2007లో అది హమాస్ చేతికి వచ్చింది, రాకెట్లు ఆగలేదు. "నేల వదిలితే మాకు దక్కింది ఇదా?" అని ఇజ్రాయెలీల ప్రశ్న. పాలస్తీనీయుల మాట ఇంకొకటి. 1993లో వెస్ట్ బ్యాంక్‌లో యూదు సెటిలర్లు లక్షకు కాస్త పైన. నేడు తూర్పు జెరూసలెం కాకుండానే సుమారు 5 లక్షలు. "దేశం ఇస్తామంటూనే ఆ నేల మీద ఇళ్ళు కడుతుంటే దేశం ఎక్కడ కట్టుకోవాలి?" అని వారి ప్రశ్న. కాబట్టి "వద్దు" అన్న ప్రతివారూ యుద్ధం కోరుకునేవారు కాదు. చాలామంది "ఇక కుదరదు" అనుకునేవారు. వద్దనడం వేరు, కుదరదనడం వేరు.

మన వయసు వాళ్ళు

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇది. రెండు వైపులా పెద్దవాళ్ళకంటే యువతలోనే మద్దతు తక్కువ. 2005లో గాజాలో పుట్టిన పిల్లవాడు 2008, 2012, 2014, 2021, 2023లలో బాంబుల దాడులు చూశాడు. అదే ఏడు ఇజ్రాయెల్‌లో పుట్టిన పిల్లవాడు సైరన్ మోగగానే షెల్టర్లోకి పరుగెత్తుతూ పెరిగి, పద్దెనిమిదేళ్ళకు సైన్యంలో చేరాడు. ఒకరికి తెలిసిన ఇజ్రాయెలీ తుపాకీ పట్టిన సైనికుడు, ఇంకొకరికి తెలిసిన పాలస్తీనీయుడు రాకెట్ వేసేవాడు. ఆ కరచాలనం ఫొటో వాళ్ళు పుట్టకముందుది. చూడని శాంతిని నమ్మమంటే ఎలా నమ్ముతారు?

ఆశ లేదా?

ఉంది. అదీ సర్వేల్లోనే ఉంది. 2017, 2018 ప్రాంతంలో పరిశోధకులు ఒప్పందం వద్దన్నవారినే మళ్ళీ అడిగారు. "ఖైదీలను విడుదల చేస్తే?" అని పాలస్తీనీయులను, "భద్రతకు సహకారం కొనసాగుతుందంటే?" అని యూదులను అడిగితే చెప్పుకోదగ్గ సంఖ్యలో మనసు మార్చుకున్నారు. ఇంకో విషయం. అవతలివైపు శాంతి కోరేవారు ఎంతమంది ఉన్నారో ఇద్దరూ తక్కువగానే అంచనా వేస్తున్నారు. అంటే తలుపుకు ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడి, అవతల ఎవరూ లేరనుకుంటున్నారు.

2025 సెప్టెంబర్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియా పాలస్తీనాను గుర్తించాయి. అదే నెలలో ఐక్యరాజ్య సమితిలో రెండు దేశాల ప్రకటనకు భారత్‌తో సహా 142 దేశాలు ఓటు వేశాయి. ప్రపంచం "రెండు దేశాలు" అంటున్న రోజునే ఆ నేల మీది జనం "నమ్మకం లేదు" అంటున్నారు. కాగితం మీద గీత గీయడం ఒక్కరోజు పని. నమ్మకం కలగడానికి ఏళ్ళు పడుతుంది. అయితే 2012లో పదికి ఆరుగురు సరేనన్న ప్రజలే వీరు. మారిన మనసు మళ్ళీ మారకూడదని ఎక్కడా లేదు. మిత్రులారా, ఈసారి టీవీలో ఆ వార్త వచ్చినప్పుడు ఎవరిది తప్పు అని వాదించుకునే ముందు, మన వయసున్న ఆ ఇద్దరు పిల్లలను ఒక్కసారి తలుచుకుందాం.