ఇంజిన్ బోరుకొస్తే...

ప్యారడైజ్ నుంచి ట్యాంక్‌బండ్ వైపు వస్తుంటే రాణీగంజ్ తగులుతుంది. రోడ్డు పొడవునా స్పేర్‌పార్టుల దుకాణాలు. సికింద్రాబాద్‌లో పాతబండి ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఇటు రావాల్సిందే. పొగ కక్కుతున్న అంబాసిడర్‌ని చూసి మెకానిక్ ఒకే మాట అంటాడు... ‘సార్, ఇంజిన్ బోరుకొచ్చింది. చేయించుడా, మార్చుడా?’

వెంటనే జవాబు చెప్పకండి. వేలకు వేలు ఖర్చయ్యే వ్యవహారం, పొగ ఒక్కటీ చూసి తేల్చేది కాదు. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ పడుతోందని అర్థం. కార్బురేటర్ సరిచేస్తే పోవచ్చు. తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి. నీలిపొగ... ఆయిల్ మండుతోందన్నమాట. అందులోనూ తేడాలున్నాయి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయి ఉండొచ్చు. అది చిన్న పని!

అసలు సంగతి చెప్పేది కంప్రెషన్ పరీక్ష. ప్లగ్గు తీసి, అక్కడ మీటరు బిగించి చూస్తారు. రీడింగ్ తక్కువ వస్తే సిలిండర్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. ఈసారి పెరిగిందా, రింగులో బోరో అరిగినట్టు. పెరగలేదా, లోపం వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో ఉంటుంది. ఈ పరీక్ష చేయకుండానే ఇంజిన్ దించుదామనే మెకానిక్‌కి నమస్కారం పెట్టి, పక్క షెడ్డుకి వెళ్లడం మేలు.

ఇంజిన్ విప్పాక కూడా తొందరొద్దు. రింగులు ఒరుసుకుని సిలిండర్ గోడ అరుగుతుంది. పైఅంచున రింగు తగలని చోట మాత్రం సన్నటి గట్టు మిగులుతుంది. వేలుపెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. లేత్ వర్క్స్‌లో గేజితో కొలిచి, ఎంత అరిగిందో చెబుతారు. బోరు కాస్త పెంచి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయొచ్చు. ఇంతకుముందే ఆఖరి సైజుదాకా వచ్చేసి ఉంటే స్లీవులు దించాలి. క్రాంక్‌షాఫ్ట్‌నీ ఇలాగే కొలిపించాలి. బ్లాక్ పగిలి ఉంటేనో, క్రాంక్ ఇక గ్రైండింగ్‌కి పనికిరాదంటేనో అప్పుడు వేరే ఇంజిన్ మాట.

అంబాసిడర్ విషయంలో మా ఓటు రిపేరుకే. తయారీ 2014లోనే ఆగిపోయింది నిజమే. కానీ దశాబ్దాలపాటు ఆ కారులో వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, ఇంగ్లండులో ఎంజీఏ స్పోర్ట్స్‌కారుకి పెట్టిన ఇంజిన్‌కి సొంత తోబుట్టువు. మళ్లీమళ్లీ విప్పి బాగుచేసుకునేలా చేసిన ఇనుప బ్లాక్ అది. మారుతీ 800 లెక్క వేరు. వేడెక్కితే అల్యూమినియం హెడ్ వంగిపోతుంది. పని మొత్తం చేయిస్తే ఖర్చు కారు ధరని మించిపోవచ్చు. ఎస్టిమేట్ వేయించుకున్నాక బాడీ తుప్పు, ఆర్సీ గడువు కూడా చూసుకోండి. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5000 రూపాయలకు పెరిగింది.

‘తక్కువలో సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ ఉంది, రెండ్రోజుల్లో వేసిచ్చేస్తా’ అంటారు కొందరు. వినడానికి బాగుంటుంది. ఆ ఇంజిన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఏ బండిలోంచి ఊడదీశారో ఎవరు చెప్పాలి? దానికీ అదే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. పైగా ఇంజిన్ నంబరు మారితే ఆర్సీ కూడా మారాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పిడికి రవాణాశాఖ అనుమతి ఉండాలి. బిల్లు లేని ఇంజిన్‌తో తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసుకి వెళ్తే ఏమని చెబుతారు? అది దొంగబండిది కాదని నిరూపించుకోవాల్సింది మీరే.

రిపేరుకే సిద్ధపడితే, బోరు సైజు, క్రాంక్ సైజు బిల్లు మీద రాయించుకోండి. మార్చిన పాత పిస్టన్లు అడిగి తీసుకోండి. బండి చేతికొచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడిపి, ఆయిల్ మార్పించండి. ఆ వెయ్యీ పూర్తయ్యేదాకా తిరుపతి ప్రయాణం పెట్టుకోవద్దని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పేయండి.